కాగితం ఉన్నోళ్ళకే సాయం: లాక్‌డౌన్‌లో మా వాడ పైసల లెక్క

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. మరుసటి రోజే కేంద్రం సాయం ప్రకటించింది, రాష్ట్రాలు తమ వంతు కలిపాయి. ఆ ప్రకటనల్లో ఎక్కడా కులం మాట లేదు. పేదలు, రైతులు, మహిళలు, కార్మికులు అన్న మాటలే ఉన్నాయి. మరి కులం పేరు ఎత్తకుండా ఇచ్చిన డబ్బు మా ఎస్సీ వాడలో కొన్ని ఇళ్ళకు వచ్చి, కొన్ని ఇళ్ళకు సగమే వచ్చి, కొన్ని ఇళ్ళకు అసలే రాకుండా ఎట్లా పోయింది? ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

నేను పీహెచ్‌డీ విద్యార్థిని. హాస్టల్ మూసేయడంతో నల్గొండ జిల్లాలోని మా ఊరికి వచ్చి, ఏడాదికి పైగా అక్కడే ఉన్నాను. నా పరిశోధన గ్రామీణ అప్పుల మీద కాబట్టి మా ఇంటి జమా ఖర్చులు నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టాను. తర్వాత చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు కూడా వచ్చి తమ లెక్కలు చెప్పారు. ఇది సర్వే కాదు, ఒక వాడ లెక్క మాత్రమే. కానీ ఒక్కో పైసా ఏ తలుపు దగ్గర ఆగిందో చూస్తే, ఆ తలుపు మా ఊరికే పరిమితం కాదని అర్థమవుతుంది.

అకౌంటు ఉంది, కానీ ఆ అకౌంటు కాదు

కేంద్రం ప్రకటించిన వాటిలో జనం నోట బాగా నానింది జన్ ధన్ డబ్బు. మహిళల జన్ ధన్ ఖాతాల్లో ఏప్రిల్, మే, జూన్ నెలలకు నెలకు 500 చొప్పున మొత్తం 1,500 వేస్తామన్నారు. మా అమ్మకు బ్యాంకు పాసుబుక్కు ఉంది, పోస్టాఫీసులో ఖాతా కూడా ఉంది. ఆ రెండింటిలో దేనిలోనూ ఆ డబ్బు పడలేదు.

కారణం చిన్నదే. జన్ ధన్ పథకం మొదలైంది 2014 ఆగస్టులో. మా అమ్మ ఖాతాలు అంతకు ముందువి. ఒకటి పొదుపు సంఘం కోసం తెరిచింది, ఇంకోటి ఉపాధి హామీ కూలి కోసం తెరిచింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సంఘాలు, ఉపాధి హామీ ముందుగా బలపడ్డాయి కాబట్టి మా దగ్గర చాలామంది ఆడవాళ్ళు జన్ ధన్ కంటే ముందే ఖాతాల్లోకి ఎక్కారు. ముందే లెక్కలోకి వచ్చినందుకు ఆ జాబితాలో లేకుండా పోయారు.

గ్యాస్ విషయంలోనూ అంతే. ఉజ్వల లబ్ధిదారులకు మూడు సిలిండర్లు ఉచితం అన్నారు. మా వాడలో ఎక్కువ మందికి కనెక్షన్ వచ్చింది 1999లో మొదలైన దీపం పథకం కింద. దీపం రాష్ట్రానిది, ఉజ్వల కేంద్రానిది. పొయ్యి అదే, పేదరికం అదే, కాగితం మీద పేరు వేరు. ఆ మూడు సిలిండర్లు మా పొయ్యిల దాకా రాలేదు.

రాష్ట్ర ప్రభుత్వ సాయం తెల్ల రేషన్ కార్డు మీద వచ్చింది. తెలంగాణలో మనిషికి 12 కిలోల బియ్యం, కార్డుకు 1,500 రూపాయలు ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో కార్డుకు 1,000 రూపాయలు వలంటీర్లతో ఇళ్ళకు పంపారు. ఇది నిజంగా ఆదుకున్న సాయం. ఆ బియ్యమే లేకపోతే మా వాడ ఏప్రిల్ దాటేది కాదు. అయితే ఇక్కడ కూడా లెక్క కార్డుకే, కుటుంబానికి కాదు. మా అన్న పెళ్ళయ్యాక వేరు పడ్డాడు, కానీ కొత్త కార్డు రాలేదు. రెండు పొయ్యిలు, ఒక్క కార్డు, ఒకే 1,500. వదినె పేరు పుట్టింటి కార్డులోనే ఉండిపోయింది, పిల్లల పేర్లు ఏ కార్డులోనూ లేవు. పేరు లేని నోటికి 12 కిలోలు లేవు.

"బియ్యం ఉన్నయి బిడ్డా, కూరకే లెవ్వు" అనేది మా అమ్మ. కంట్రోల్ బియ్యం కడుపు నింపుతుంది కానీ నూనె, పప్పు, ఉల్లిగడ్డ, సబ్బు, ఫోన్ రీచార్జి, గోలీలు నగదుకే వస్తాయి. పైగా గురుకులాలు మూసేయడంతో పిల్లలు ఇంటికొచ్చారు. అక్కడ మూడు పూటలా తిండి, గుడ్లు, పాలు, నోటుబుక్కులు అన్నీ ప్రభుత్వానివే. ఆ ఖర్చు ఒక్కసారిగా ఇంటి మీద పడింది. ప్రభుత్వం ఒక చేత్తో బియ్యం ఇచ్చిన అదే నెలలో ఇంకో చేత్తో పెట్టే తిండి ఆగిపోయింది. ఈ రెండో లెక్క ఏ ప్రకటనలోనూ కనపడదు.

భూమి కాగితం

లాక్‌డౌన్‌లో పల్లెలకు వచ్చిన పెద్ద మొత్తాలు భూమి పేరు మీద వచ్చాయి. పీఎం కిసాన్ కింద ఏప్రిల్‌లో 2,000 ముందుగా వేశారు. తెలంగాణలో వానాకాలానికి రైతుబంధు ఎకరాకు 5,000 వచ్చింది. పదెకరాల పట్టాదారుకు ఆ జూన్‌లో 50,000 పడితే, అదే పొలంలో నాటు వేసిన కూలీకి సున్నా. కౌలు రైతుకూ సున్నానే, ఎందుకంటే రైతుబంధు పట్టాదారు పాసుబుక్కుకు ఇచ్చేవాళ్ళు, దున్నేవాడికి కాదు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఎస్సీలు 16.6 శాతం. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సాగు కమతాల విస్తీర్ణంలో ఎస్సీల చేతిలో ఉన్నది 9 శాతం లోపే. కాబట్టి ఎకరాల లెక్కన పంచే ఏ డబ్బయినా, పథకంలో కులం ప్రస్తావన లేకపోయినా, కులం గీసిన గీతల వెంటే పారుతుంది. నీళ్ళు పల్లానికి పారినట్టు ఆ డబ్బు పట్టాకు పారుతుంది.

ఉన్న కొద్ది భూమికీ కాగితం చిక్కులున్నాయి. మా వాడలో నాలుగైదు కుటుంబాలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి ఉంది, తాతల కాలం నుంచి దున్నుకుంటున్నారు. 2017 భూ రికార్డుల ప్రక్షాళనలో కొందరివి వివాదం ఉన్న భూములుగా పార్ట్-బి లోకి వెళ్ళాయి. పార్ట్-బి అంటే కొత్త పాసుబుక్కు రాదు. పాసుబుక్కు లేకపోవడంతో రైతుబంధు రాలేదు, బ్యాంకు పంట రుణం రాలేదు. అప్పుడు మిగిలేది ఊరి పెద్దకాపు ఇచ్చే అప్పే.

కూలి ఆగింది, మిత్తి ఆగలేదు

మా వాడకు నగదు వచ్చే దారులు నాలుగైదు: వ్యవసాయ కూలి, ఉపాధి హామీ, హైదరాబాద్‌లో పని చేసే పిల్లలు పంపేది, డప్పు, ప్రైవేటు బడుల్లో టీచరు జీతాలు. లాక్‌డౌన్‌లో ఇవన్నీ ఒకేసారి తెగాయి.

డప్పు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పెళ్ళికి 50 మంది, అంత్యక్రియలకు 20 మంది అని నిబంధన వచ్చాక డప్పును పిలిచేవాళ్ళు లేరు. ఎండాకాలం పెళ్ళిళ్ళ కాలం. మా నాన్న లాంటి వాళ్ళకు ఆ మూడు నెలల సంపాదనే ఏడాదిలో సగం. ఈ పనికి లైసెన్సు లేదు, గుర్తింపు కార్డు లేదు, హాజరు పట్టీ లేదు. కాబట్టి పోయిన ఆదాయానికి రుజువు కూడా లేదు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ నిధి ఉంది, నమోదైన వాళ్ళకు దాని నుంచి సాయం చేయమన్నారు. డప్పు కొట్టేవాళ్ళకు అట్లాంటి బోర్డు ఏదీ లేదు.

ప్రైవేటు టీచర్లది ఇంకో కథ. మా వాడలో బీఈడీ చదివిన మొదటి తరం పిల్లల్లో ఎక్కువ మంది ప్రైవేటు బడుల్లో చేరారు. బడి మూయగానే జీతం ఆగింది. మా అన్న వాళ్ళలో ఒకడు. డిగ్రీ ఉన్నవాడు తట్ట పట్టుకుని ఉపాధి పనికి పోతే నవ్వుతారేమోనని మొదటి వారం తెల్లారకముందే పోయేవాడు. తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వడం మొదలుపెట్టింది 2021 ఏప్రిల్‌లో. అప్పటికి ఏడాది గడిచింది.

ఇట్లా జమ ఆగింది. అప్పు మాత్రం ఆగలేదు.

2020 మార్చి 27న రిజర్వ్ బ్యాంకు మూడు నెలల మారటోరియం ప్రకటించి, తర్వాత ఆగస్టు 31 దాకా పొడిగించింది. దీన్ని చాలామంది మాఫీ అనుకున్నారు. మాఫీ కాదు, వాయిదా. అది కూడా అప్పు ఇచ్చిన సంస్థలకు ఇచ్చిన అనుమతే తప్ప అప్పు తీసుకున్నవాళ్ళకు ఇచ్చిన హక్కు కాదు. కట్టని నెలలకూ మిత్తి నడుస్తూనే ఉంటుంది.

ఒక లెక్క వేద్దాం. నూటికి రెండు రూపాయల మిత్తికి 50,000 అప్పు ఉందనుకుందాం. నెలకు మిత్తి 1,000, ఆరు నెలలకు 6,000. ఇది మామూలు మిత్తి. నెలనెలా మిత్తి మీద మిత్తి వేస్తే సుమారు 6,308 అవుతుంది. సుప్రీం కోర్టులో వ్యాజ్యాలు నడిచాక, 2 కోట్ల లోపు అప్పులకు ఆ ఆరు నెలల చక్రవడ్డీకీ మామూలు వడ్డీకీ మధ్య తేడాను భరిస్తామని కేంద్రం 2020 అక్టోబరులో పథకం తెచ్చింది. మన లెక్కలో ఆ తేడా 308 రూపాయలు. మిగిలిన 6,000 అప్పు తీసుకున్నవాళ్ళే కట్టాలి. పేపర్లలో పెద్ద అక్షరాలతో వచ్చిన ఊరట మా వాడ దాకా వచ్చేసరికి ఇంతే.

ఆ 308 కూడా కాగితం మీద ఉన్న అప్పుకే. మా వాడలో సగం అప్పుకు కాగితమే లేదు. షావుకారి దగ్గర ఉద్దెర ఖాతా, పెద్దకాపు దగ్గర చేబదులు, సేటు దగ్గర గిరివి పెట్టిన పట్టీలు, ఎత్తిన చిట్టీకి కట్టాల్సిన వాయిదాలు. వీటికి మారటోరియం ఎవరు ప్రకటిస్తారు? ఆగస్టులో బంగారం మీద ఇచ్చే అప్పును విలువలో 75 శాతం నుంచి 90 శాతానికి పెంచుకోవచ్చని రిజర్వ్ బ్యాంకు అన్నది. అది బంగారం ఉన్న ఇంటికి పనికొచ్చింది. మా అమ్మ కాళ్ళకున్నవి వెండి కడియాలు. వాటిని సేటే తీసుకుంటాడు, మిత్తి ఎంతో కూడా ఆయనే చెప్తాడు.

చోటామోటా అప్పులు దొరకనప్పుడు కుర్రాళ్ళు ఫోన్‌లో దొరికే యాప్ అప్పుల్లోకి పోయారు. ఆధార్ ఫోటో, సెల్ఫీ ఉంటే పది నిమిషాల్లో 3,000 పడేవి. వారంలో కట్టకపోతే ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ తిట్లు పోయేవి. 2020 డిసెంబరు నాటికి తెలంగాణలో ఈ వేధింపులకు ఆత్మహత్యలు జరిగాయి, పోలీసులు అరెస్టులు చేశారు, డిసెంబరు 23న రిజర్వ్ బ్యాంకు ప్రజలను హెచ్చరించింది. పదేళ్ళ కింద, 2010లో, సూక్ష్మరుణ సంస్థల వసూళ్ళ వల్ల ఆత్మహత్యలు జరిగి ఉమ్మడి రాష్ట్రం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చిన నేల ఇది. అప్పట్లో వసూలు చేసేవాడు గడప ముందు కూర్చునేవాడు. ఇప్పుడు జేబులో కూర్చున్నాడు.

237 రూపాయలు, మూడు ఖాతాలు

ఉపాధి హామీ 2020 ఏప్రిల్ 20 నుంచి మళ్ళీ మొదలైంది. ఆ ఏడు తెలుగు రాష్ట్రాల్లో రోజు కూలి 237 రూపాయలు. అది గరిష్ఠం. కొలతల ప్రకారం ఇస్తారు కాబట్టి మా అమ్మ గుంపుకు ఏనాడూ అంత పడలేదు. తెలంగాణలో ఆ మార్చిలోనే సమ్మె చేసిన ఏడు వేలకు పైగా ఫీల్డ్ అసిస్టెంట్లను ప్రభుత్వం తొలగించింది, వాళ్ళను మళ్ళీ తీసుకున్నది 2022లో. పని ఎక్కువగా అవసరమైన ఆ రోజుల్లో పని అడిగితే రాసుకునే మనిషే లేడు. ఆ భారం అప్పటికే తలమునకలుగా ఉన్న పంచాయతీ కార్యదర్శుల మీద పడింది.

అయినా ఉపాధి హామీ ఆ ఏడు నిలబెట్టింది. కేంద్రం బడ్జెట్‌లో పెట్టిన 61,500 కోట్లకు మేలో ఇంకో 40,000 కోట్లు కలిపింది. పట్నం నుంచి తిరిగొచ్చిన వాళ్ళు, చదువుకున్న వాళ్ళు, అందరూ ఆ తట్ట పట్టారు.

మరుసటి ఏడు ఒక మార్పు వచ్చింది. 2021 మార్చిలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ ఉపాధి కూలిని ఎస్సీ, ఎస్టీ, ఇతరులు అని మూడు ఖాతాల్లో విడదీసి చెల్లించాలని రాష్ట్రాలకు చెప్పింది. అంతవరకు ఒకే మస్టర్‌కు ఒకే చెల్లింపు. ఆ ఏప్రిల్ నుంచి ఒకే గుంతలో పక్కపక్కన మట్టి తవ్విన ముగ్గురికి మూడు దారుల్లో డబ్బు రావాలి. ఏ పద్దులో నిధులు ముందు అయిపోతే ఆ కులం కూలి ఆగుతుంది. అప్పటి ఉపాధి హామీ చట్టంలో కులాన్ని బట్టి కూలి చెల్లించాలన్న నియమం లేదు, అది పని అడిగిన ప్రతి గ్రామీణ కుటుంబానికీ ఉన్న హక్కు. "మీకు పడ్డయట గదా, మాకెందుకు పడలే" అన్న మాట పని దగ్గర వినపడడం మొదలైంది. విమర్శలు వచ్చాక ఆ పద్ధతిని వెనక్కి తీసుకున్నారు.

దీన్ని జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. ఎస్సీలకు ఎంత ఖర్చయిందో లెక్క తీయడం తప్పు కాదు, ఉప ప్రణాళిక కోసం మనం అడిగేది ఆ లెక్కనే. లెక్క తీయడం వేరు, చెల్లింపు విడదీయడం వేరు. మొదటిది కాగితం మీద జరిగే పని. రెండోది కూలి పడే రోజును కులాన్ని బట్టి మారుస్తుంది.

నోటుకు అంటు

మా ఊరి షావుకారి దుకాణం ముందు ఒక తాడు కట్టి, ఒక ప్లాస్టిక్ బేసిన్ పెట్టాడు. పైసలు అందులో వేయాలి, సామాను బల్ల మీద పెడతాడు. అందరికీ అదే నియమం. మాకు మాత్రం అది కొత్త కాదు. మా నాన్న చిన్నప్పుడు కూలి పైసలు చేతికిచ్చేవాళ్ళు కాదు, పైనుంచి జారవిడిచేవాళ్ళు. వైరస్ కోసం పెట్టిన దూరం కొన్నాళ్ళకు పోయే దూరం. కానీ 'సామాజిక దూరం' అన్న మాటను టీవీలో రోజుకు వందసార్లు విన్నప్పుడు, ఆ మాట మా వాడలో ముసలివాళ్ళకు జబ్బును గుర్తుచేయలేదు, జీతం ఉన్న రోజులను గుర్తుచేసింది. 'భౌతిక దూరం' అనమని అప్పుడు చాలామంది కోరింది ఇందుకే.

శిక్షకూ ధర ఉంది. అప్పుడు మాస్కు లేకపోతే తెలంగాణలో జరిమానా 1,000 రూపాయలు ఉండేది. కారులో పోయేవాడికి అది ఒక పూట పెట్రోలు. ఉపాధి కూలీకి నాలుగు రోజుల కంటే ఎక్కువ పని. చికిత్స కూడా అంతే. ప్రైవేటు ఆసుపత్రుల్లో కోవిడ్ చికిత్సకు తెలంగాణ ప్రభుత్వం గరిష్ఠ ధరలు పెట్టింది: ఐసోలేషన్‌కు రోజుకు 4,000, వెంటిలేటర్‌తో ఐసీయూకు 9,000. నియంత్రించిన ఈ ధరల్లో కూడా ఒక రోజు ఐసోలేషన్ అంటే 17 రోజుల కూలి, ఒక రోజు వెంటిలేటర్ అంటే 38 రోజుల కూలి.

రెండో వేవ్‌లో మా వాడలో ముగ్గురు పోయారు. ఇద్దరికి పరీక్షే జరగలేదు. సుప్రీం కోర్టు ఆదేశాల తర్వాత 2021లో కోవిడ్ మృతుల కుటుంబాలకు 50,000 ఇవ్వాలని నిర్ణయించారు. దానికి పాజిటివ్ రిపోర్టో, ఆసుపత్రి నిర్ధారణో కావాలి. ఇంట్లో దగ్గి దగ్గి పోయినవాళ్ళకు ఆ కాగితం లేదు. బతికున్నప్పుడు రేషన్ కార్డు ఎంత అవసరమో చనిపోయాక రిపోర్టు అంత అవసరమైంది.

ఫెలోషిప్ ఎవరిది?

నా ఫెలోషిప్ గురించి కూడా లెక్కలో రాయాలి. 2019 నుంచి అప్పట్లో జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్ నెలకు 31,000 ఉండేది. వినడానికి పెద్ద మొత్తమే. కానీ నెలనెలా హాజరు ధృవీకరణ పోతేనే పడుతుంది. ఆఫీసు మూసి ఉండడంతో అది పోలేదు, ఐదు నెలలు నాకేమీ పడలేదు. తర్వాత ఒకేసారి పడింది. అప్పటికి ఆ డబ్బు మీద ఇంట్లో చేసిన అప్పుకు మిత్తి కూడా పెరిగింది.

ఫెలోషిప్ అనేది ఒక విద్యార్థి చదువు ఖర్చు అని నియమాలు రాసేవాళ్ళు అనుకుంటారు. దళిత ఇంట్లో అది కుటుంబం జీతం. ఆ ఐదు నెలల బకాయి వచ్చిన వారంలో ఎటు పోయిందో నా నోటుబుక్కులో ఉంది: షావుకారి ఉద్దెర, నాన్న కంటి ఆపరేషన్ కోసం తెచ్చిన చేబదులు, చిట్టీ వాయిదాలు, సెప్టెంబరు 1 నుంచి టీవీ, ఫోన్ పాఠాలు మొదలయ్యాయి కాబట్టి పిల్లల కోసం ఒక ఫోన్. నాకు మిగిలింది డేటా రీచార్జి. అదే కాలంలో మా డిపార్టుమెంటులో కొందరు మిత్రులు ఫెలోషిప్ ఆలస్యాన్ని అసౌకర్యం అన్నారు. నిజమే, వాళ్ళకది అసౌకర్యం. ఆలస్యం ఎంత ఖరీదైందో వెనుక ఎంత ఆస్తి ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది.

డాక్టర్ అంబేద్కర్ రూపాయి సమస్య మీద తన పుస్తకాన్ని ప్రచురించింది 1923లో. రూపాయి విలువ పడిపోతే వ్యాపారికి వచ్చే లాభం దేశానికి బయటి నుంచి వచ్చింది కాదని, ధరలు పెరిగినంత వేగంగా పెరగని కూలి నుంచి తీసిందని అందులో వాదించాడు. డబ్బు విధానం అందరికీ ఒకటే అన్న మాటను నమ్మొద్దు, ఎవరి జేబులోంచి ఎవరి జేబులోకి పోతుందో చూడమన్నదే ఆ వాదనలో మనకు పనికొచ్చే పాఠం. మారటోరియాన్నీ, ఎకరాకు ఇచ్చే సాయాన్నీ, కార్డుకు ఇచ్చే నగదునూ ఆ కంటితోనే చూడాలి.

ఇప్పుడు చేయగలిగింది

మహమ్మారి పోయింది, కాగితాల తలుపులు అట్లాగే ఉన్నాయి. తర్వాతి వరదకో, కరువుకో, జబ్బుకో ఇదే జాబితాలు వాడతారు. అందుకే విద్యార్థులు, కార్యకర్తలు ఇప్పుడే చేయగల పనులు కొన్ని ఉన్నాయి.

ఒకటి, ప్రతి వాడలో ఇంటింటి కాగితాల లెక్క తీయాలి. ఎవరి పేరు ఏ రేషన్ కార్డులో ఉంది, వేరుపడిన కుటుంబాలు ఎన్ని, ఎవరి భూమి పార్ట్-బిలో ఉంది, ఎవరి జాబ్ కార్డు తొలగించారు. దీనికి పెద్ద సంస్థ అక్కర్లేదు, ఇద్దరు డిగ్రీ విద్యార్థులు, రెండు ఆదివారాలు చాలు.

రెండు, ఉపాధి హామీ సామాజిక తనిఖీ గ్రామసభలకు మన వాళ్ళు పోవాలి. సామాజిక తనిఖీని ముందుగా గట్టిగా అమలు చేసిన నేల మనది. కూలి ఎన్ని రోజులకు పడిందో అక్కడ అడిగి రాయించాలి. 15 రోజులు దాటితే పరిహారం చట్టంలోనే ఉంది.

మూడు, నోటి అప్పుకు కూడా చట్టం ఉంది. చిన్న రైతులు, వ్యవసాయ కూలీలు, గ్రామీణ చేతివృత్తుల వాళ్ళ కోసం తెలంగాణ 2016లో రుణ విమోచన కమిషన్ చట్టం చేసింది. ప్రైవేటు అప్పులతో నలిగే కూలీ కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చన్న సంగతి మా వాడలో ఒక్కరికీ తెలియదు.

నాలుగు, ఎకరానికి ఇచ్చే ప్రతి సాయం పక్కన, భూమి లేని కూలి కుటుంబానికి ఎంత అని అడగాలి. ఇది దయ అడగడం కాదు. భూమి ఎందుకు లేదో ఊరందరికీ తెలుసు.

ఐదు, ఇంటి లెక్క రాయండి. అప్పు ఎంత, మిత్తి ఎంత, ఏ సాయం ఏ కారణం చెప్పి ఆపారు అన్నది తేదీతో సహా రాయండి. ఆఫీసులో మనం పేదలమని చెప్తే వినరు. ఫలానా తేదీన ఫలానా కాగితం అడిగి 1,500 ఆపారు అని చూపిస్తే, ఆ కాగితం ఎందుకు ఇవ్వలేదో వాళ్ళే చెప్పాల్సి వస్తుంది.